ఎండ చెరచిన చర్మము – లేసరు కిరణము

ఎండలో ఆరవేసిన రంగుబట్ట కొన్నాళ్ళకు వెలిసిపోవును. అదే ఎండలో తిరిగిన మనిషి చర్మము వెలియదు, నల్లబడును. బట్ట జీవము లేనిది. తనపై పడిన దెబ్బను అది ఊరక భరించును. చర్మము సజీవమైనది, దెబ్బ తగిలినప్పుడెల్ల అది ఏదో ఒక ప్రతిక్రియ చేయును. ఈ చిన్న భేదమును మనసునందుంచుకొన్నచో, ఎండవలన చెడిన చర్మమునకు లేసరుతో చికిత్స చేయు విద్య ఎట్లు పుట్టినదో, అది కుదురుకొనుటకు నలుబది ఏండ్లు ఎందుకు పట్టినదో సులభముగా బోధపడును. నిజమునకు లేసరు చర్మమును బాగుచేయదు. అది కొలత ప్రకారము ఒక గాయము చేయును, బాగుచేసికొనునది చర్మమే. ఆ కొలత ఎంత అన్నదే ఈ చరిత్రలోని అసలు ప్రశ్న.

ముందుగా ఎండ చేయు చెరుపు సంగతి చూతము. 1801లో జర్మనీలోని యేనా పట్టణమున జోహాన్ రిట్టర్ అను యువకుడు పట్టకముతో సూర్యకాంతిని రంగులుగా విడదీసి, ఆ రంగులు పడుచోట సిల్వరు క్లోరైడు పట్టించిన కాగితమును ఉంచెను. ఊదారంగునకు ఆవల, కంటికి ఏమియు కనబడని చోట, ఆ లవణము అన్నిటికంటె త్వరగా నల్లబడెను. మనము నేడు అతినీలలోహిత కిరణములని పిలుచువానిని మానవుడు గుర్తించుట అదే మొదలు. అయినను ఎండకు ఒళ్ళు కందుట వేడిమి వలననే యని జనులు చాలకాలము నమ్ముచుండిరి. కందించునది వేడిమి కాదు, ఈ కంటికి కనబడని కిరణములే యని 1889లో స్వీడను దేశపు వైద్యుడు విడ్‌మార్క్ ప్రయోగపూర్వకముగా చూపెను.

కందిన చర్మము నాలుగు దినములలో మానును. ఏండ్ల తరబడి ఎండ తగిలినచో ఏమగునన్నది వేరు ప్రశ్న. దానికి సమాధానము ప్రయోగశాలలో కాక, పనిచేయువారి ముఖములమీద దొరకినది. హాంబర్గు రేవులో వైద్యుడైన పాల్ ఉన్నా 1894లో ముసలి నావికుల చర్మమును వర్ణించెను. ముఖము, మెడ, ముంజేతులు దళసరియై, ముడుతలు పడి, పొలుసులు కట్టి యుండెను. వారిలో కొందరికి ఆ చోట్లనే పుట్టకురుపు లేచెను. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతమున ద్రాక్షతోటల కూలీలయందు డ్యూబ్రే అను వైద్యుడు అదే సంగతి కనిపెట్టెను. ఒకే మనిషికి మెడ ఒక వయసున, చొక్కా మాటుననున్న వీపు వేరొక వయసున ఉన్నట్లు కనబడుట వారిని ఆలోచింపజేసినది. 1928లో ఫిండ్లే అను శాస్త్రజ్ఞుడు ఎలుకలపై అతినీలలోహిత కాంతిని పలుమార్లు ప్రసరింపజేసి, పుట్టకురుపులు లేచుట చూపగా సందేహము తీరినది.

చర్మమునకు రెండు ముఖ్యమైన పొరలు కలవు. పైనున్న బాహ్యచర్మము ముఖముమీద సుమారు పదియవవంతు మిల్లీమీటరు మందమే ఉండును. దాని అడుగు భాగమున మెలనిన్ అను నల్లని వర్ణకమును తయారుచేయు కణములు కలవు. దిగువనున్న అంతశ్చర్మము దళసరియైనది; కొల్లాజెన్, ఎలాస్టిన్ అను ప్రోటీను పోగులు పడుగుపేకలవలె అల్లుకొని దానికి బిగువును, సాగుడును ఇచ్చుచున్నవి. అతినీలలోహిత కిరణములలో పొట్టి తరంగములు పైపొరలోనే చాలవరకు ఇంకిపోవును. కొంచెము పొడుగైనవి అంతశ్చర్మము వరకు దిగును. పైపొరలో మచ్చలు, లోపొరలో పోగులు తెగి ముడుతలు. 1996లో అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఈ పోగులు తెగు విధమును వివరించిరి. ఎండ తగిలిన చర్మము కొల్లాజెన్‌ను ఖండించు ఎంజైములను తానే విడుదల చేయునట. అనగా దారమును ఎండ నేరుగా తెంపుటలేదు. ఎండ పురికొల్పగా చర్మమే తెంపుకొనుచున్నది.

అరగదీసిన కాలము

చెడిన పైపొరను తీసివేసినచో క్రొత్తపొర వచ్చునన్న ఊహ లేసరుకంటె చాల పాతది. 1905 ప్రాంతమున బెర్లిను వైద్యుడు క్రోమయర్ తిరుగు ఆకురాళ్ళతో చర్మమును అరగదీయు పద్ధతిని ప్రవేశపెట్టెను. 1953లో న్యూయార్కు వైద్యుడు కర్టిన్ తీగెకుంచె నుపయోగించి దానిని వ్యాప్తిలోనికి తెచ్చెను. మరికొందరు ఫినాల్ పూసి పైపొర ఊడజేసెడివారు. అది రక్తములోనికి ఎక్కువగా ఇంకినచో గుండె కొట్టుకొనుట లయ తప్పును.

ఈ మోటు పద్ధతులు ఫలించుట కేవలము వైద్యుని చాకచక్యము వలన కాదు. వెంట్రుకల కుదుళ్ళలోను, నూనెగ్రంథులలోను దాగియున్న కణములు పైకి ప్రాకి క్రొత్తపొరను అల్లును. ముఖముమీద ఈ కుదుళ్ళు దట్టముగా ఉన్నందున పుండు త్వరగా మానును. మెడమీద అవి తక్కువ. మెడను లోతుగా అరగదీసినచో మచ్చ మిగులును. లోతు ఎంత అన్నది మాత్రము చేతి ఒత్తిడి మీదనే ఆధారపడి యుండెను. వెంట్రుకవాసి ఎక్కువైనచో కుదుళ్ళు కూడ పోవును. చేతికంటె నమ్మదగిన కొలబద్ద కావలసియుండెను.

కెంపు వెలుగు

ఉద్రిక్తమైన పరమాణువును తగిన కాంతి తాకినచో అది అచ్చముగా అట్టి కాంతినే వెలువరించునని ఐన్‌స్టీన్ 1917 నాటికే సిద్ధాంతీకరించెను. 1954లో టౌన్స్, అతని సహచరులు అమోనియా వాయువుతో ఈ సూత్రముపై సూక్ష్మతరంగములను పుట్టించిరి. 1960 మే 16వ తేదీన కాలిఫోర్నియాలోని మాలిబూలో, హ్యూస్ పరిశోధనశాలయందు, థియొడార్ మైమన్ ఒక చిన్న కెంపు కడ్డీని మెలికలు తిరిగిన ఫొటోగ్రాఫు తళుకుదీపము నడుమ నుంచి, 694 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల ఎర్రని కాంతిని వెలువరించెను. అదే మొదటి లేసరు. వార్తాపత్రికలు దానికి మృత్యుకిరణమని పేరు పెట్టెను!

అదే 1960లో హాలెండు దేశమున బ్యూకర్స్, బెరెండ్స్ అను ఇద్దరు, గడ్డకట్టిన థైమిన్ ద్రావణముపై అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసి, థైమిన్ అణువులు రెండేసి అతుకుకొనుటను కనుగొనిరి. థైమిన్ డి.ఎన్.ఏ.లోని నాలుగు అక్షరములలో ఒకటి. ఎండ పడిన చర్మకణములలో ఇట్టి అతుకులు ఏర్పడుటయే పుట్టకురుపులకు దారితీయు మొదటి మెట్టు. ఎండచేయు చెరుపునకు మూలమును, ఆ చెరుపుపై ప్రయోగింపబడిన పనిముట్టును ఒకే సంవత్సరమున బయటపడుట కేవలము కాకతాళీయము.

కళాశాల ప్రయోగశాలలో హీలియం-నియాన్ లేసరును మొదటిసారి చూచిన విద్యార్థులు దానికి చేయి అడ్డుపెట్టుటకు జంకుదురు. అరచేతిలో ఎర్రని చుక్క పడును, అంతే; చేయి వెచ్చబడినట్లయినను తోచదు. కంటిలో మాత్రము పడనీయరాదు. దాని సామర్థ్యము ఒకటి రెండు మిల్లీవాట్లు. లేసరు అన్నంతమాత్రమున అది కాల్చవలెనను నియమమేమియు లేదు. ఏ రంగు, ఎంత శక్తి, ఎంతసేపు అను మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పిన పిదపనే అది ఏమి చేయగలదో చెప్పవచ్చును. చర్మవైద్యులు ఈ మూడింటిని ఒక్కొక్కటిగా నేర్చుకొనిరి. మూడవది అన్నిటికంటె ఆలస్యముగా తెలిసినది.

మొదటి పాఠము రంగు. అమెరికాలోని సిన్సినాటి నగరమున లియాన్ గోల్డ్‌మన్ అను చర్మవైద్యుడు కెంపు లేసరును చర్మముపై ప్రయోగించి 1963లో ఫలితములను ప్రకటించెను. వర్ణకము గల నల్లని భాగములు దెబ్బతినుట, లేతరంగు భాగములు చాలవరకు తప్పించుకొనుట ఆయన గమనించెను. నల్లని వస్తువు కాంతిని ఎక్కువగా గ్రహించునని మనము ఉన్నత పాఠశాలలోనే చదువుకొందుము. ఆ సామాన్య సూత్రమే ఇచ్చట కత్తిమొనగా మారినది.

1964లో విలియం బ్రిడ్జెస్ ఆర్గాన్ లేసరును నిర్మించెను. దాని నీలి, ఆకుపచ్చ కాంతిని రక్తములోని హీమోగ్లోబిన్ బాగుగా గ్రహించును. కావున 1970వ దశకమున పుట్టుకతో ముఖముమీద వచ్చు ఎర్రని మచ్చలను దానితో మాన్పజూచిరి. రంగు సరిగానే కుదిరినది. అయినను చాలమందికి గాయపుమచ్చలు మిగిలెను. రంగు కుదిరినను దెబ్బ ఎందుకు విస్తరించినది?

ఎంతసేపు?

పూర్వము పల్లెలలో పొయ్యి రాజవేయుటకు పొరుగింటినుండి నిప్పు తెచ్చుకొనెడివారు. కొందరు పిడకమీద తెచ్చెడివారు. చేయితిరిగినవారు కణికను ఒక అరచేతినుండి మరియొక అరచేతికి ఎగురవేయుచు తెచ్చెడివారు. కణిక వేడి తగ్గలేదు, చేయి కాలలేదు. తాకిన కాలము స్వల్పము, అదే రహస్యము. ఆర్గాన్ లేసరు ఎడతెగక వెలుగునది. రక్తనాళములో పుట్టిన వేడిమి చుట్టునున్న కొల్లాజెన్‌లోనికి ప్రాకిపోవుటకు అది కావలసినంత వ్యవధి నిచ్చినది.

ఈ సంగతిని లెక్కలోనికి తెచ్చినవారు బోస్టను నగరములోని మసాచుసెట్స్ సార్వజనిక వైద్యశాలకు చెందిన రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్. 1983లో సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసమున వారు చెప్పినది ఇది: ఏ వస్తువునకైనను తనలోని వేడిమిని పరిసరములకు పోగొట్టుకొనుటకు కొంత చల్లారు కాలము పట్టును. కాంతిని అంతకంటె తక్కువకాలము ప్రసరింపజేసినచో వేడిమి ఆ వస్తువులోనే ఇమిడి దానిని మాత్రమే ధ్వంసము చేయును. ఈ సూత్రమునకు సెలెక్టివ్ ఫొటోథర్మాలిసిస్ అని వారు పేరుపెట్టిరి. ఎన్నుకొన్నదానినే వెలుగువేడిమితో విచ్ఛేదించుట అని అర్థము.

చల్లారు కాలము వస్తువు పరిమాణముపై ఆధారపడును. వార్చిన అన్నము గుండిగలో ఉన్నంతసేపు పొగలు కక్కుచునే యుండును. దానినే విస్తరిలో పలుచగా పరచినచో రెండు మూడుమార్లు ఊదులోపల చల్లారును. ఒకే ఆకారముగల వస్తువులలో వ్యాసము రెట్టింపైనచో ఈ కాలము నాలుగింతలగును. పదియవవంతు మిల్లీమీటరు వ్యాసముగల రక్తనాళమునకు అది సుమారు 5 మిల్లీసెకండ్లు. మెలనిన్ రేణువు వ్యాసము మిల్లీమీటరులో వేయవవంతు మాత్రమే. దానికి ఒక మైక్రోసెకండైనను పట్టదు. కావున ఎండవలన ఏర్పడిన గోధుమరంగు మచ్చలకు నానోసెకండ్ల తళుకులు కావలయును. అట్టి తళుకులను పుట్టించు ఉపాయమును మైమన్ పనిచేసిన హ్యూస్ శాలలోనే 1962లో సాధించియుండిరి. పనిముట్టు సిద్ధముగా ఉండియు, దానిని ఎందుకట్లు వాడవలెనో చెప్పు లెక్క రాక ఇరువది ఏండ్లు గడచినవి. విజ్ఞానచరిత్రలో యంత్రమును కనుగొన్నవారికి దొరకు కీర్తి లెక్క చెప్పినవారికి దొరకుట అరుదు. ఈ రంగమున మాత్రము ఆండర్సన్, పారిష్‌ల పేర్లు ఎరుగని వైద్యుడుండడు.

మచ్చల సంగతి ఇట్లు తేలినది. ముడుతలు, మోటుదనము ఒక రేణువులోనో, ఒక నాళములోనో లేవు. అవి పొర అంతటను వ్యాపించి యున్నవి. వాటికి గురి ఏది? నీరు. చర్మములో అన్నిచోట్లను ఉన్నది నీరే.

నీరు గాఢముగా గ్రహించు కాంతిని ఇచ్చు లేసరును కనుగొన్నవాడు మనదేశమున పుట్టినవాడే. మహారాష్ట్రలోని బారామతిలో 1938లో జన్మించి, పూనా ఇంజనీరింగు కళాశాలలో చదివిన కుమార్ పటేల్ 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కార్బన్ డయాక్సైడు లేసరును సాధించెను. దాని తరంగదైర్ఘ్యము 10,600 నానోమీటర్లు. కంటికి కనబడని పరారుణ కాంతి. చర్మమును తాకిన ఆ కాంతి మిల్లీమీటరులో ఏబదియవవంతు లోతులోనే చాలవరకు ఇంకిపోవును.

ఆ పొరను ఆవిరిచేయుటకు ఎంత శక్తి కావలెనో పదియవ తరగతి విద్యార్థియైనను కట్టవచ్చును. ఒక చదరపు సెంటీమీటరు వైశాల్యము, 0.002 సెంటీమీటరు మందముగల పొర ఘనపరిమాణము 0.002 ఘనసెంటీమీటర్లు. అది అంతయు నీరే అనుకొన్నచో ద్రవ్యరాశి 2 మిల్లీగ్రాములు. ఒక గ్రాము నీటిని దేహోష్ణత 37 డిగ్రీలనుండి 100 డిగ్రీలకు తెచ్చుటకు 63 × 4.2, అనగా సుమారు 265 జౌలులు; ఆవిరి చేయుటకు మరి 2,260. మొత్తము 2,525 జౌలులు. 2 మిల్లీగ్రాములకు సుమారు 5 జౌలులు. శస్త్రవైద్యులు అనుభవమున కనుగొన్న అంకె కూడ చదరపు సెంటీమీటరునకు సుమారు 5 జౌలులే. అయితే ఈ శక్తిని ఒక మిల్లీసెకండు లోపల అందింపవలెను. అంత పలుచని పొర చల్లారు కాలము అంతకు మించదు. 5 జౌలులు మిల్లీసెకండులో అనగా 5,000 వాట్లు! ఇంతకు మునుపు చెప్పిన ప్రయోగశాల లేసరుతో పోల్చి చూడుడు.

మొదట ఈ లేసరును ఎడతెగని ధారగా, కత్తివలె వాడిరి, చర్మము బొగ్గయ్యెడిది. 1990 ప్రాంతమున మిల్లీసెకండుకంటె తక్కువకాలపు బలమైన స్పందము లిచ్చు యంత్రములు వచ్చుటతో చిత్రము మారినది. ఒక్కొక్క విడతకు ఒక పలుచని పొర లేచిపోవును. క్రింద మిగిలిన స్వల్పమైన వేడిమికి కొల్లాజెన్ ముడుచుకొనును. పిమ్మట నెలల తరబడి క్రొత్త కొల్లాజెన్ తయారగును. నావికుని ముఖమువంటి ముఖములు నునుపుదేలుట చూచి జనులు విస్మయము చెందిరి. నీటిలో ఇంకను గాఢముగా ఇంకు 2,940 నానోమీటర్ల ఎర్బియం లేసరు 1996 నుండి వాడుకలోనికి వచ్చినది. దాని గాయము మరింత పైపైది.

ఆ సంబరము చాలకాలము నిలువలేదు. ముఖమంతయు పచ్చిపుండై రెండు వారములు ఇంటిపట్టున నుండవలసి వచ్చెడిది. ఎరుపు నెలల తరబడి పోయెడిది కాదు. కొందరికి కొన్ని నెలల పిమ్మట చర్మము శాశ్వతముగా పాలిపోయినది. మెడమీద చేసినచోట్ల మచ్చలు పడెను. క్రోమయర్ నాటి సమస్యయే ఇది. లోతు కొలత దొరకినది గాని, పొరనంతటిని ఒకేసారి లేపివేసిన పిదప పూడ్చుటకు పక్కన ఆరోగ్యకరమైన చర్మము మిగులలేదు.

2004లో మాన్‌స్టైన్, ఆండర్సన్, వారి సహచరులు ప్రకటించిన ఉపాయము నా దృష్టిలో ఈ చరిత్రయంతటిలో అందమైనది. వారు శక్తిని పెంచలేదు, రంగుకొరకు వెదకలేదు. పొరనంతటిని కాల్చుట మానివేసిరి. కిరణమును వెంట్రుకంత సన్నగా చేసి, సూదితో పొడిచినట్లు వేలకొలది స్తంభములుగా చర్మములోనికి పంపిరి. ఒక్కొక్క స్తంభము వెడల్పు సుమారు పదియవవంతు మిల్లీమీటరు. స్తంభమునకు స్తంభమునకు నడుమ చర్మము చెక్కుచెదరక ఉండును. వరిపొలములో అక్కడక్కడ మొక్క పోయినచో పక్కమొక్కల పిలకలు ఆ జాగాను కప్పివేయును. మడి అంతయు పోయినచో గట్టునుండి పిలక లెంతవరకు ప్రాకగలవు? చర్మములోను అంతే. పక్కనున్న కణములు మిల్లీమీటరులో కొద్దిపాలు జరిగినచో చాలును. ఒక్క దినములోనే పైపొర పూడుకొనుట వారు చూచిరి. విడతకు కొంత కొంతగా, కొన్ని వారముల యెడముతో, మూడు నాలుగు విడతలలో చికిత్స పూర్తి చేయుదురు.

ఇంతవరకు చెప్పిన చరిత్ర చాలవరకు తెల్లని చర్మముపై జరిగినది. హార్వర్డుకు చెందిన థామస్ ఫిట్జ్‌పాట్రిక్ 1975లో చర్మమును ఎండకు కందు, నల్లబడు స్వభావములనుబట్టి తరగతులుగా విభజించినపుడు కూడ మొదట తెల్లవారికి నాలుగు తరగతులే ఏర్పరచెను. గోధుమరంగు, నలుపు చర్మములకు ఐదు, ఆరు తరగతులు పిదప చేర్చబడెను. మనవారిలో అధికసంఖ్యాకులు నాలుగు, ఐదు తరగతులవారు. ఈ భేదము కేవలము అందచందముల విషయము కాదు, భౌతికశాస్త్ర విషయము. మెలనిన్ హెచ్చుగానున్న చర్మమునకు ఎండవలన ముడుతలు ఆలస్యముగా వచ్చును; ముందుగా వచ్చునవి నల్లమచ్చలు. కెంపు లేసరు తెల్లని చర్మముమీద మచ్చను మాత్రమే చూచును. మన చర్మముమీద దానికి మచ్చయు, పరిసరములును రెండును గురియే. తరంగదైర్ఘ్యము పెరిగిన కొలది మెలనిన్ గ్రహించుట తగ్గును గనుక, మనవంటివారికి 1,064 నానోమీటర్ల లేసరు కొంత క్షేమకరము. నీటిని గురిగా పెట్టుకొన్న లేసరులకు మెలనిన్‌తో నిమిత్తము లేదు. అయినను గాయము గాయమే. గాయము తగిలిన గోధుమరంగు చర్మము మెలనిన్‌ను ఎక్కువగా తయారుచేసి, పోగొట్టదలచిన మచ్చకంటె పెద్దమచ్చను తెచ్చిపెట్టవచ్చును. రంగుబట్టకు లేనిదియు, చర్మమునకు ఉన్నదియు ఈ గుణమే.

మంగు సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. చెక్కిళ్ళపై వచ్చు ఆ నలుపునకు ఎండతోపాటు శరీరములోని హార్మోనులును, వంశలక్షణములును కారణములు. లేసరుతో అది తగ్గినట్లే తగ్గి తిరిగి వచ్చుట తరచు; ఒక్కొక్కప్పుడు హెచ్చుటయు కద్దు. లేసరుతో ముఖము తెల్లబడునని పట్టణములలో గోడలమీద చేయు ప్రకటనలను నమ్మి, కూతురి పెండ్లికి దాచిన సొమ్మును ఖర్చుపెట్టదలచిన తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పగలవారు పల్లెలలో తరచు ఉపాధ్యాయులే. పుట్టుకతో వచ్చిన రంగు ఎండ చేసిన చెరుపు కాదు. దానిని మాన్పు లేసరు లేదు, మాన్పవలసినది లేదు.

జాగ్రత్తగల వైద్యుడు మన చర్మముపై మొదటి దినముననే ముఖమంతటిని ముట్టడు. ఆ మచ్చ కేవలము ఎండమచ్చయో, ప్రమాదకరమైన కురుపునకు ఆరంభమో ముందుగా చూచును. పిదప చెవి వెనుకనో, దవడ అంచుననో ఒక చిన్నచోట కిరణమును ప్రయోగించి కొన్ని వారములు వేచియుండును. ఆ వారములలో రోగి నీడపట్టున ఉండవలెను. అచ్చట క్రొత్త నలుపు రాకున్ననే శక్తిని, స్పందకాలమును నిర్ణయించి మిగిలిన ముఖమునకు చికిత్స మొదలుపెట్టును.